ముగ్గురికి మేలు: ఆ గొలుసు ఎలా సాగుతుంది, ఎక్కడ తెగుతుంది

2006 సెప్టెంబరు 20న ‘స్టాలిన్’ సినిమా విడుదలైంది. చిరంజీవి కథానాయకుడు. తమిళనాడుకు చెందిన ఏ.ఆర్. మురుగదాస్ నేరుగా తెలుగులో తీసిన చిత్రం అది. సైన్యం వదిలి వచ్చిన ఓ మేజరు కథ. తన వల్ల మేలు పొందిన మనిషి థ్యాంక్స్ చెప్పబోతే అతను వద్దంటాడు. ఆ మాటకు బదులు ముగ్గురికి సాయం చేయమంటాడు. ఆ ముగ్గురినీ తలా ముగ్గురికి సాయపడమని అడగమంటాడు. పాటలు, ఫైట్లు, హీరో పరిచయ సన్నివేశం అన్నీ ఉన్న మామూలు పెద్ద సినిమాయే. అయినా జనానికి గుర్తుండిపోయింది ఈ ఒక్క షరతు.

ఈ ఆలోచన అంతకు ఆరేళ్ల ముందే మరో సినిమాలో వచ్చింది. అమెరికాలో 2000లో విడుదలైన ‘పే ఇట్ ఫార్వర్డ్’ అది. దర్శకురాలు మిమీ లేడర్. కేథరిన్ రయన్ హైడ్ రాసిన నవల దానికి ఆధారం. లోకాన్ని మార్చే ఉపాయం ఒకటి ఆలోచించి ఆచరణలో పెట్టండని బడిలో మాస్టారు పని ఇస్తాడు. ఓ పిల్లవాడు ఈ ముగ్గురి లెక్కతో వస్తాడు. తర్వాత 2014లో ‘స్టాలిన్’ హిందీలో ‘జై హో’గా వచ్చింది.

సినిమా చూసి బయటికొచ్చిన ప్రతివాడికీ ఒక సందేహం వస్తుంది. నిజంగా ఇలా జరుగుతుందా? మంచితనం ఒకరి నుంచి ఒకరికి పాకుతుందా? ఈ ప్రశ్నకు ఇప్పుడు అవసరం పెరిగింది. రక్తం కావాలనీ, ఆపరేషన్‌కు డబ్బు చాలడం లేదనీ, కాలేజీ ఫీజు కట్టలేకపోతున్నారనీ రోజూ మన ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి. వాటిని పది గ్రూపులకు పంపడం క్షణంలో పని. సందేశం పాకినంత వేగంగా సాయం పాకడం లేదు. ఎందుకో తెలుసుకోవాలంటే ఈ గొలుసు పనిచేసే తీరును విడదీసి చూడాలి.

ఆలోచన ఏమిటి

మనం సాధారణంగా ఎరిగిన పద్ధతి ఇచ్చిపుచ్చుకోవడం. మీరు మా ఇంటి పెళ్లికి చేయి వేశారు, మీ ఇంటి పెళ్లికి నేను వస్తాను. దీన్ని ప్రత్యక్ష పరస్పరత (చేసినవారికే తిరిగి చేయడం) అంటారు. ఊళ్లన్నీ దీని మీదే నిలబడ్డాయి. దీనికి ఒక హద్దు ఉంది. మళ్లీ కలిసే అవకాశం ఉన్నవాళ్ల మధ్యే ఇది నడుస్తుంది. తిరిగి చేసే స్తోమత లేనివాడు ఈ లెక్కలోంచి జారిపోతాడు.

సినిమా చెప్పేది రెండో పద్ధతి. దీన్ని సాధారణీకృత పరస్పరత (ఒకరి దగ్గర పొందిన మేలును వేరొకరికి అందించడం) అంటారు. బాకీ ఉంటుంది, కాని ఇచ్చినవాడికి తీర్చనక్కర్లేదు. అవసరంలో ఉన్న ఇంకొకరికి తీర్చాలి. అప్పుడు పేదవాడు కూడా బాకీ తీర్చగలడు. తనకంటే అవసరంలో ఉన్నవాడు ఎప్పుడూ ఎవరో ఒకరు కనిపిస్తారు.

ఈ ఆలోచన సినిమాలకంటే చాలా పాతది. 1784లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఫ్రాన్స్‌లో ఉన్నప్పుడు ఓ పరిచయస్తుడికి కొంత డబ్బు పంపాడు. దాన్ని తనకు తిరిగి ఇవ్వొద్దన్నాడు. ఇలాంటి ఇబ్బందిలో ఉన్న మరో నిజాయతీపరుడు కనిపిస్తే అతనికి ఇవ్వమన్నాడు. అతనికీ ఇదే షరతు పెట్టమన్నాడు. ఎవడో ఒక మోసగాడి చేతిలో పడి ఆగిపోయేలోగా ఆ డబ్బు చాలా చేతులు మారాలని తన ఆశ అని కూడా రాశాడు. గొలుసు ఎప్పుడో తెగుతుందని ఆయనకు ముందే తెలుసు. తెలిసే మొదలుపెట్టాడు.

లెక్క ఏం చెబుతుంది

లెక్కకు ఒక ఊరు కావాలి. రాజపాళయాన్ని తీసుకుందాం. తమిళనాడులో విరుదునగర్ జిల్లాలో, పడమటి కనుమల పాదాల దగ్గర ఉన్న పట్టణం అది. నూలు మిల్లులకు పేరు. తరతరాలుగా ఇంట్లో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు అక్కడ ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. 2011 జనాభా లెక్కల ప్రకారం పట్టణ జనాభా 1,30,442.

ఒకరు ముగ్గురికి సాయం చేశారనుకుందాం. ఆ ముగ్గురు తొమ్మిది మందికి చేస్తారు. తొమ్మిది మంది ఇరవై ఏడుగురికి. తర్వాత 81, 243, 729. ఆరో విడత దాకా చిన్న అంకెలే. పదో విడతలో ఆ సంఖ్య 59,049. మొదటి మనిషి నుంచి అందరినీ కలిపితే 88,573. పదకొండో విడతలో మొత్తం 2,65,720 అవుతుంది. అంటే పదకొండో విడత పూర్తికాకముందే రాజపాళయంలో ప్రతి మనిషికీ సాయం అందాలి. ఇరవై ఒకటో విడతకు ప్రపంచ జనాభానే దాటిపోతుంది.

దీన్ని గుణశ్రేఢి (ప్రతిసారీ ఒకే అంకెతో హెచ్చవేస్తూ పోయే వరుస) అంటారు. మొదట్లో నత్తనడక, ఆపైన వరద. సినిమా చూస్తున్నప్పుడు మనల్ని ఉప్పొంగించేది ఈ లెక్కే. హెచ్చవేతలో తప్పేమీ లేదు. అయినా ఏ ఊళ్లోనూ ఇలా జరగలేదు. లెక్క వదిలేసినవి కొన్ని ఉన్నాయి.

లెక్కలో లేనిది

మొదటిది, మాట నిలబెట్టుకోవడం. సాయం పొందిన ముగ్గురూ దాన్ని ముందుకు తీసుకెళ్తారని లెక్క అనుకుంటుంది. మనుషులు మరచిపోతారు. వాయిదా వేస్తారు. కొందరికి ఇష్టం ఉండదు. కొందరికి ఇష్టం ఉన్నా దారి తెలియదు.

అంటువ్యాధుల శాస్త్రంలో ఒక కొలత ఉంది. దాన్ని పునరుత్పత్తి సంఖ్య (ఒక రోగి సగటున ఎంతమందికి జబ్బు అంటిస్తాడన్న అంకె) అంటారు. కోవిడ్ రోజుల్లో దీని గురించి పత్రికల్లో చదివాం. అది ఒకటి కంటే తక్కువైతే జబ్బు ఆరిపోతుంది. ఎక్కువైతే పాకుతుంది. మేలుకూ ఇదే సూత్రం వర్తిస్తుంది.

ముగ్గురు చొప్పున సాయం పొందినవాళ్లలో నూటికి 25 మందే మాట నిలబెట్టుకున్నారనుకుందాం. ముగ్గురిలో పావు వంతు అంటే సగటున 0.75. ఒకటి కంటే తక్కువ. అప్పుడు ఒక మనిషి మొదలుపెట్టిన గొలుసు, ఆ మనిషితో కలిపి సగటున నలుగురు సాయం చేసేవాళ్లతో ఆగిపోతుంది. తలా ముగ్గురికి చొప్పున మొత్తం పన్నెండు సాయాలు. నూటికి 30 మంది నిలబెట్టుకుంటే సగటు 0.9. అప్పుడు పది మంది సాయం చేసేవాళ్లు, ముప్పై సాయాలు. అయిదుగురు అదనంగా మాట నిలబెట్టుకుంటే ఫలితం రెండున్నర రెట్లు అయింది. గొలుసు ఆరిపోయినా అందిన మేలు వృథా కాలేదన్నది కూడా ఇక్కడ గమనించాలి.

ఇక నూటికి 40 మంది నిలబెట్టుకున్నారనుకుందాం. సగటు 1.2. ఇది ఒకటి దాటింది కాబట్టి గొలుసు పెరగాలి. పెరుగుతుంది కూడా, కాని ప్రతిసారీ కాదు. మొదటి ముగ్గురూ మాట తప్పితే కథ అక్కడే ముగుస్తుంది. లెక్క కడితే, ఒక్కరే మొదలుపెట్టిన గొలుసు ఎప్పుడో ఒకప్పుడు పూర్తిగా ఆరిపోయే అవకాశం నూటికి 56. సగానికి పైగా ఓటమే. అదే గొలుసును అయిదుగురు వేర్వేరుగా మొదలుపెడితే, అయిదూ ఆరిపోయే అవకాశం నూటికి 5 మాత్రమే. ఈ అంకెల్లో ముఖ్యమైన పాఠం ఇదే. ఒక్క వీరుడు చాలడు. అయిదుగురు మామూలు మనుషులు కలిస్తే చాలు.

రెండోది, ఊరి పరిమితి. నేను సాయం చేసిన ముగ్గురూ బహుశా ఒకరికొకరు తెలిసినవాళ్లే. వాళ్లు వెతికే ముగ్గురూ ఆ వీధివాళ్లే. సాయం అదే వలయంలో తిరుగుతుంది. కులం, భాష, వీధి, ఉద్యోగం గీసిన గీతలు దాటడం దానికి కష్టం. లెక్కకు ఈ గీతలు తెలియవు.

మూడోది, కాలం. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య వారం పడుతుందా, ఏడాది పడుతుందా అని ఎవరూ చెప్పరు. ఆలస్యమైన కొద్దీ కృతజ్ఞత చల్లబడుతుంది.

రాజపాళయం నూలు మిల్లుల్లో రింగ్ ఫ్రేమ్ మీద పోగు తెగడం రోజూ ఉండేదే. అందుకని మిల్లు మూసేయరు. ఫ్రేముల మధ్య తిరిగే మనుషులు ఉంటారు. ఎక్కడ తెగితే అక్కడ పోగు అతికి ముందుకు పోతారు. మేలు గొలుసుకు కూడా అలాంటి మనుషులు కావాలి. సినిమాల్లో ఆ పాత్ర లేదు.

ప్రయోగాల్లో తేలింది

మనుషులు నిజంగా ఎలా ప్రవర్తిస్తారో తెలుసుకోవడానికి పరిశోధకులు ప్రయోగాలు చేశారు. వాటిలో నాలుగు మనకు పనికొస్తాయి.

2006లో మోనికా బార్ట్‌లెట్, డేవిడ్ డెస్టెనో ఒక ప్రయోగం ప్రచురించారు. ఒకరి కంప్యూటర్ పాడైనట్టు చేశారు. పక్కనున్న వ్యక్తి దాన్ని బాగుచేసి పెట్టారు. ఆ తర్వాత విసుగు పుట్టించే ఒక పని చేసిపెట్టమని ప్రయోగంలో పాల్గొన్నవాళ్లను అడిగారు. సాయం పొందినవాళ్లు, పొందనివాళ్లకంటే ఎక్కువ ఓపికగా చేసిపెట్టారు. అడిగినది ముక్కూముఖం తెలియని మనిషైనా చేశారు. సాయం పొందిన అనుభవం కొత్త మనిషి వైపు కూడా మళ్లుతుందని దీనివల్ల తెలిసింది.

2010లో జేమ్స్ ఫౌలర్, నికొలస్ క్రిస్టాకిస్ మరో పరిశోధన వెలువరించారు. అపరిచితులు చిన్న జట్లుగా కూర్చుని ఉమ్మడి నిధికి డబ్బు వేసే ఆట అది. ప్రతి విడతలో జట్లు మారతాయి. ఒకరు ఎక్కువ ఇస్తే, ఆ జట్టులోని వాళ్లు తర్వాతి విడతలో కొత్తవాళ్లతో ఆడుతూ ఎక్కువ ఇచ్చారు. ఈ ప్రభావం మూడు అంచెల దాకా కనిపించింది. స్వార్థం కూడా అలాగే పాకింది.

2014లో కర్ట్ గ్రే, ఏడ్రియన్ వార్డ్, మైఖేల్ నార్టన్ డబ్బు పంచుకునే ఆటతో ఇదే ప్రశ్న అడిగారు. ఒకరు మీకు తక్కువ ఇచ్చారు. మీరు తర్వాతి మనిషికి ఎంతిస్తారు? ఎక్కువ ఇచ్చారు. అప్పుడెంతిస్తారు? ఫలితం మింగుడుపడనిది. అన్యాయం పొందినవాళ్లు అన్యాయాన్ని గట్టిగా ముందుకు పంపారు. ఔదార్యం పొందినవాళ్లు అంత ఔదార్యం చూపలేదు. సమాన వాటా పొందినవాళ్లు సమానంగానే ఇచ్చారు. చేదు బలంగా పాకుతుంది, తీపి అంత బలంగా పాకదు. కాబట్టి గొలుసులో ఒక్క అవమానం చాలా మేళ్లను మింగేయగలదు.

అదే ఏడాది మిలెనా ట్స్‌వెట్కోవా, మైఖేల్ మేసీ ఇంకో తేడా పట్టుకున్నారు. సాయం స్వయంగా పొందితే మనిషి ఉదారుడవుతున్నాడు. ఇతరులు సాయం చేయడం చూసినా కొంతవరకు అంతే. కాని చాలామంది చేస్తున్నారని చూస్తే ‘ఇక నా అవసరం ఏముంది’ అని ఆగిపోతున్నాడు. దీన్ని ప్రేక్షక ప్రభావం (నలుగురూ ఉన్నచోట ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకోవడం) అంటారు. పది గ్రూపుల్లో తిరిగే రక్తదాన సందేశానికి ఎవరూ కదలకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. అందరినీ అడిగితే ఎవరినీ అడగనట్టే. పేరు పెట్టి ఒకరిని అడిగితే కదులుతారు.

నాలుగింటినీ కలిపి చదివితే ఒక సంగతి తేలుతుంది. మంచితనం పాకుతుంది, కాని దానంతట అది ఎక్కువ దూరం పోదు. మనిషికి స్వయంగా అందాలి. అడగడం స్పష్టంగా ఉండాలి. దారిలో పడిపోతే ఎత్తేవాళ్లు ఉండాలి.

పరీక్ష హాల్లో ఒక చేయి

‘స్టాలిన్’ కథకు మలుపు ఒక పరీక్ష. చేతులు లేని ఓ అమ్మాయికి పరీక్ష రాసిపెట్టే మనిషి దొరకదు. ఎవరూ సమయానికి ముందుకు రాకపోవడం ఆమె ప్రాణం మీదికి తెస్తుంది. ఆ అమ్మాయి కోరింది ధనం కాదు. మూడు గంటల సమయం. అందుకే ఈ సాయాన్ని కాస్త దగ్గరగా చూడాలి.

పరీక్ష రాసిపెట్టే మనిషిని స్క్రైబ్ (అభ్యర్థి చెప్పింది చెప్పినట్టు రాసే లేఖకుడు) అంటారు. మనదేశంలో దీనికి స్పష్టమైన నియమాలు ఉన్నాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టు 29న మార్గదర్శకాలు ఇచ్చింది. అప్పటి నియమాలు ఇవి. చూపు లేనివారు, రెండు చేతులూ పనిచేయనివారు, మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) ఉన్నవారు కోరితే స్క్రైబ్‌ను ఇవ్వాలి. గంటకు కనీసం 20 నిమిషాల చొప్పున అదనపు సమయం ఇవ్వాలి. మూడు గంటల పరీక్షకు నాలుగు గంటలు అన్నమాట. పరీక్షల సంస్థే స్క్రైబ్‌ను ఇస్తే, ఇద్దరూ సరిపోతారో లేదో చూసుకోవడానికి రెండు రోజుల ముందు కలవనివ్వాలి. అభ్యర్థి తన మనిషినే తెచ్చుకుంటే, ఆ మనిషి చదువు అభ్యర్థి చదువుకంటే ఒక మెట్టు తక్కువ ఉండాలన్నారు. జవాబు అభ్యర్థిదే కావాలని ఈ నియమం. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చేతి కండరాల బాధతో రాయలేని అభ్యర్థికి కూడా ఈ సౌకర్యం చెందుతుందని చెప్పింది.

నియమం ఉంది. కావలసింది మనిషి. బీఏ విద్యార్థికి తనకంటే తక్కువ చదివినవాళ్లు కావాలి. పదో తరగతి పిల్లవాడికి తనకంటే చిన్న తరగతి పిల్లవాడు కావాలి. ఆ రోజు ఆ పిల్లవాడికి బడి ఉంటుంది. పరీక్షల కాలం అందరికీ ఒకేసారి వస్తుంది. చివరి నిమిషంలో జ్వరం రావచ్చు, బస్సు తప్పవచ్చు. ఒక్కరినే నమ్ముకుంటే గొలుసు ఇక్కడే తెగుతుంది. ఊళ్లో పది పదిహేను మంది పేర్లు, చదువు, భాష, ఖాళీ రోజులు రాసి పెట్టుకున్న చిన్న జాబితా ఉంటే తెగదు. రాజపాళయం లాంటి చోట తెలుగు, తమిళం, ఇంగ్లిష్ మూడూ రాయగలవాళ్లు దొరకడం మామూలే. వాళ్ల పేర్లు ఒకచోట ఉండాలి, అంతే.

ఒక సంచి రక్తం, ముగ్గురు రోగులు

సినిమాలోని మూడు అన్న అంకె నిజ జీవితంలో అచ్చంగా కనిపించే చోటు రక్తదానం.

18 నుంచి 65 ఏళ్ల లోపు, కనీసం 45 కిలోల బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతులు రక్తం ఇవ్వవచ్చు. బరువును బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీసుకుంటారు. పూర్వం ఆ సంచిని అలాగే ఒక రోగికి ఎక్కించేవారు. ఇప్పుడు దాన్ని వేగంగా తిప్పే యంత్రంలో పెట్టి మూడు భాగాలు చేస్తారు. ఎర్ర కణాలు ప్రమాదంలో రక్తం పోయినవారికో, తలసీమియా పిల్లలకో వెళ్తాయి. చల్లగా ఉంచితే దాదాపు ఆరు వారాలు నిల్వ ఉంటాయి. ప్లేట్‌లెట్లు (రక్తస్రావాన్ని ఆపే కణాలు) డెంగీ, క్యాన్సర్ రోగులకు వెళ్తాయి. వాటి ఆయుష్షు అయిదు రోజులే. ప్లాస్మా (కణాలు తీసేశాక మిగిలే ద్రవం) కాలిన గాయాలవారికి, కాలేయ రోగులకు వెళ్తుంది. అతిశీతలంలో ఘనీభవింపజేసి ఏడాది దాచవచ్చు. ఒకరు ఇస్తే ముగ్గురికి మేలు. మగవారు మూడు నెలలకోసారి, ఆడవారు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు.

ఇది ఎప్పుడూ ఇలా లేదు. ఒకప్పుడు డబ్బుకు రక్తం అమ్మేవాళ్లు ఉండేవారు. అందులో జబ్బుల ప్రమాదం ఎక్కువ. 1996 జనవరి 4న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో, 1998 జనవరి 1 నుంచి రక్తం అమ్మడంపై నిషేధం అమల్లోకి వచ్చింది. అప్పుడు స్వచ్ఛంద దాతల అవసరం ఒక్కసారిగా పెరిగింది. అదే ఏడాది అక్టోబరు 2న చిరంజీవి తన పేరిట ట్రస్టు మొదలుపెట్టి హైదరాబాదులో రక్త నిధిని, నేత్ర నిధిని ప్రారంభించారు. అప్పటికే ఆయన అభిమాన సంఘాలు ఊరూరా ఉన్నాయి. పుట్టినరోజుకు బ్యానర్లు కట్టే కుర్రాళ్లు రక్తం ఇచ్చే వరుసలో నిలబడ్డారు. ‘స్టాలిన్’ వచ్చే నాటికి ఈ పని ఎనిమిదేళ్లుగా నడుస్తోంది.

అభిమానం ఎలాగూ ఉంది. దానికి ఒక రోజు, ఒక చోటు, ఒక పని దొరికాయి. ఇలాంటి పని తర్వాత కూడా నడవాలంటే, మళ్లీ ఎప్పుడు రావాలో గుర్తుచేసే రిజిస్టరు కావాలి. అమెరికాలో కిడ్నీ దానాల్లోనూ ఇదే చూశారు. 2007 జూలైలో ఒక అపరిచిత దాత ఒక రోగికి కిడ్నీ ఇచ్చారు. ఆ రోగి బంధువు, రక్తం కలవక తన మనిషికి ఇవ్వలేకపోయినవారు, వేరొక రోగికి ఇచ్చారు. అలా పది మార్పిడులు జరిగాయి. 2009లో ఒక ప్రముఖ వైద్య పత్రిక దీన్ని ప్రచురించింది. మొదటి దాత మనసుతో పాటు, ఎవరికి ఎవరు సరిపోతారో ఎనిమిది నెలలు చూసిన రెండు నమోదు కేంద్రాలు ఉన్నాయి కాబట్టి ఆ గొలుసు సాగింది. మనదేశంలోనూ 2011 చట్ట సవరణ తర్వాత, రెండు కుటుంబాలు కిడ్నీలు మార్చుకోవడానికి చట్టం ఒప్పుకుంటోంది.

పోచంపల్లి నుంచి నడిచిన దానం

తెలుగు నేల మీద మొదలై దేశమంతా పాకిన మేలు ఒకటుంది. భూదానం.

1951 ఏప్రిల్ 18న వినోబా భావే నల్లగొండ జిల్లా పోచంపల్లిలో ఆగారు. భూమి లేని దళిత కుటుంబాలు తమకు 80 ఎకరాలు కావాలన్నాయి. ఊళ్లో ఎవరైనా ఇస్తారా అని వినోబా అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినది ఎనభై, ఇచ్చింది వంద. వినోబా ఆ ఉదాహరణ చేతపట్టుకుని పక్క ఊరికి నడిచారు. అక్కడ అదే అడిగారు. తర్వాతి ఊరు, మళ్లీ అదే ప్రశ్న. ఆ తెలంగాణ యాత్రలోనే దాదాపు 12 వేల ఎకరాలు వచ్చాయి. తర్వాత దేశమంతా నడిచి సేకరించిన వాగ్దానాలు 40 లక్షల ఎకరాలు దాటాయి.

ఇక్కడ గొలుసు ఎలా సాగిందో చూడండి. ప్రతి ఊళ్లో ఒక మనిషి ముఖాముఖి అడిగాడు. పక్క ఊళ్లో ఒకరు ఇచ్చారన్న ఉదాహరణ చేతిలో ఉంది. అడిగినది స్పష్టంగా ఉంది.

ఎక్కడ తెగిందో కూడా చూడాలి. వాగ్దానం చేసిన భూమిలో పెద్ద భాగం పేదల చేతికి చేరలేదు. కొంత రాళ్ల నేల. కొంత వివాదాల్లో ఉంది. కొన్నిచోట్ల కాగితాలు మారలేదు. తర్వాత రాష్ట్రాలు చట్టాలు చేశాయి. తమిళనాడుది 1958లో, ఆంధ్రప్రదేశ్‌ది 1965లో వచ్చాయి. అప్పటికి తొలి ఉత్సాహం చల్లబడింది. ఇచ్చే మనసు ముందు పరుగెత్తింది. దాన్ని అందుకునే యంత్రాంగం వెనకబడింది. మధ్యలో పోయింది పేదవాడి ఎకరం.

రాజపాళయంలో ఒక ఇల్లు

ఇక రాజపాళయానికి వద్దాం. పూసపాటి సంజీవి కుమారస్వామి రాజా అక్కడ 1898లో పుట్టారు. చిన్ననాటే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. గాంధీజీ మార్గంలో స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. 1949 ఏప్రిల్‌లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు. గణతంత్రం వచ్చాక ఆ పదవి పేరు ముఖ్యమంత్రిగా మారింది. 1952 ఏప్రిల్ దాకా ఆయనే. తర్వాత 1954 నుంచి 1956 వరకు ఒరిస్సా గవర్నరు. 1957లో కన్నుమూశారు.

తెలుగు ఇంట పుట్టి మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన ఆ మనిషి, సొంత ఊళ్లో తన ఇంటిని ప్రజలకు ఇచ్చేశారు. అది గాంధీ కలై మన్రం (గాంధీ కళా మందిరం) అయింది.

ఒక మనిషి ముగ్గురికి చేసే సాయం, ఆ ముగ్గురి జ్ఞాపకం మీద ఆధారపడుతుంది. ఊరికి ఇచ్చిన ఇల్లు ఎవరి జ్ఞాపకం మీదా ఆధారపడదు. తలుపు తెరిచి ఉంటే చాలు. అందులోకి వచ్చే పిల్లవాడికి కుమారస్వామి రాజా ఎవరో తెలియకపోవచ్చు. అయినా మేలు అందుతుంది. గొలుసులో ఒక లంకె తెగినా మేలు ఆగదు. వ్యక్తి చేసిన మేలు సంస్థగా మారితే జరిగేది ఇదే. రిజిస్టరు, రక్త నిధి, జాబితా, ప్రజలకిచ్చిన ఇల్లు అన్నీ ఒకే పని చేస్తాయి. ఒకరి మంచితనాన్ని పట్టుకుని, తర్వాతి మనిషి వచ్చేదాకా పదిలంగా ఉంచుతాయి.

మనం చేయగలిగింది

సినిమా మనల్ని అడిగింది సరైన ప్రశ్న. ఇచ్చిన లెక్క సగమే. మిగతా సగం మనం కలుపుకోవాలి. అందుకు పెద్ద డబ్బు అక్కర్లేదు.

ఒంటరిగా మొదలుపెట్టొద్దు. నలుగురైదుగురు కలిసి మొదలుపెట్టండి. ఒకరి గొలుసు తెగినా మిగతావి ఉంటాయి.

సాయం చేశాక ‘మీరూ ఎవరికైనా చేయండి’ అని వదిలేయొద్దు. ఏం చేయాలో, ఎప్పటిలోగా చేయాలో చెప్పండి. వచ్చే మార్చిలో ఒక పిల్లవాడికి పరీక్ష రాసిపెడతారా అని అడగండి. వచ్చే ఆదివారం నాతో రక్తదానానికి వస్తారా అని అడగండి. పది గ్రూపులకు సందేశం పెట్టేముందు, ఒక్కరికి ఫోన్ చేసి పేరు పెట్టి అడగండి.

మూడో సాయం మన వీధి దాటి, మన కులం దాటి, మన భాష దాటి ఉండేలా చూసుకోండి. గొలుసు ఊరంతా తిరగడానికి అదొక్కటే దారి.

సాయం పొందినవాళ్లను చిన్నబుచ్చొద్దు. ఫోటో కోసం నిలబెట్టొద్దు. చేదే బలంగా పాకుతుందని చూశాం.

చివరగా, మీ ఊళ్లో ఒక పుస్తకం తెరవండి. స్క్రైబ్‌గా వచ్చేవాళ్లు, రక్తం ఇచ్చేవాళ్లు, అర్ధరాత్రి ఆస్పత్రికి బండి తీసేవాళ్లు, పిల్లలకు చదువు చెప్పేవాళ్లు ఎవరెవరో అందులో రాయండి. గ్రంథాలయంలోనో బడిలోనో ఉంచండి. దాన్ని చూసుకునే బాధ్యత ఇద్దరికి అప్పగించండి. తెగిన పోగును అతికేది ఆ ఇద్దరే. మీ పేరు ఆ పుస్తకంలో మొదట రాయండి.